కోరికకు కోరలు మొలిచిన కాలం

1968 మే నెల. ఫ్రాన్స్ మొత్తం సమ్మెలో ఉంది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. పారిస్ వీధుల్లో విద్యార్థులు, పోలీసులు కలబడుతున్నారు. కొత్త సినిమాల విడుదల దాదాపు ఆగిపోయింది. సరిగ్గా ఆ రోజుల్లో ఝాన్ రోలాన్ అనే దర్శకుడి రక్తపిశాచుల సినిమా థియేటర్లలోకి వచ్చింది. అతనికి అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. చూడ్డానికి వేరే కొత్త బొమ్మ లేకపోవడంతో జనం బాగానే వెళ్లారు. కాసేపటికే గోల మొదలైంది. కథ ఎటు పోతోందో తెలియక, భయమూ పుట్టక ప్రేక్షకులు ఈలలు వేశారు, తిట్టారు, చేతికందినవి తెర మీదికి విసిరారు.

వాళ్ల కోపం అన్యాయమైనదేం కాదు. ఆ సినిమా అసలు అరగంట చిత్రంగా పుట్టింది. ఒక పాత అమెరికన్ హారర్ సినిమాకు నిడివి చాలక, దానికి తోడుగా వేయడానికి తీయించారు. అది నచ్చి నిర్మాత దాన్నే పూర్తి నిడివికి పెంచమన్నాడు. చిక్కేమిటంటే మొదటి భాగం చివరికే ముఖ్యమైన పాత్రలన్నీ చచ్చిపోయాయి. రోలాన్ వాళ్లను మళ్లీ బతికించి రెండో భాగం తీసి, రెండూ కలిపేశాడు.

ఆ రోజు తెర మీదికి చెత్త విసిరించుకున్న దర్శకుడి సినిమాలను ఇప్పుడు నెగెటివ్‌ల నుంచి ఫ్రేమ్ ఫ్రేమ్ శుభ్రం చేసి బ్లూరేలుగా తెస్తున్నారు. వాటి మీద పుస్తకాలు వస్తున్నాయి, యూనివర్సిటీల్లో పరిశోధనలు జరుగుతున్నాయి. ఆ సినిమాలు పుట్టేనాటికి పుట్టని కుర్రాళ్లు రాత్రిళ్లు కూర్చుని చూస్తున్నారు. ఇందులో అంత ఏముంది?

ఇప్పుడు ‘యూరోపియన్ ఎరోటిక్ హారర్’ అని పిలుస్తున్న ఈ సినిమాలు ఎక్కువగా 1957 నుంచి 1976 ప్రాంతం దాకా ఇటలీ, ఫ్రాన్స్, స్పెయిన్, బ్రిటన్, బెల్జియం, పశ్చిమ జర్మనీల నుంచి వచ్చాయి. పెద్దలకు మాత్రమే తీసినవి. పాడుబడ్డ కోట, దారి తప్పిన జంట, చావని ఒక స్త్రీ, నెమ్మదిగా సాగే రాత్రి. దాదాపు అన్నింట్లోనూ ఇవే కనిపిస్తాయి. హారర్ ఇష్టపడేవాళ్లు వీటిని చూసి, భయమేదీ అంటారు. ఇంకొకందుకు చూసేవాళ్లు, ఇంతేనా అంటారు. రెండు ఫిర్యాదులూ నిజమే. భయపెట్టడం, రెచ్చగొట్టడం అనే రెండు పనులకూ నిర్మాత డబ్బు పెట్టాడు. మంచి దర్శకులు ఆ రెంటినీ సగంలో వదిలేసి మూడో పని చేశారు. కోరిక అనేది మనిషికి ఎంత కొత్త, ఎంత వింత అనుభవమో చూపించారు. మన ఇష్టంతో పనిలేకుండా వచ్చి, మనల్ని మనకే తెలియకుండా చేసే శక్తిగా దాన్ని చూపించారు. వీటి ఆకర్షణ అంతా అక్కడే ఉందని నా నమ్మకం. అయితే అది ఎవరో కూర్చుని ఆలోచించి సాధించింది కూడా కాదు. చట్టాలు, సెన్సార్, డబ్బు, డబ్బింగ్ అన్నీ కలిసి కొద్ది కాలం పాటు దానికి చోటిచ్చాయి.

రక్తానికీ కోరికకూ ముడి సినిమా వేసింది కాదు. డబ్లిన్‌లో పుట్టిన షెరిడన్ లె ఫాన్యూ ‘కార్మిల్లా’ అనే పెద్ద కథ రాశాడు. 1872లో పుస్తకంగా వచ్చింది. డ్రాకులా నవల కన్నా పాతికేళ్లు ముందు. అందులో రక్తపిశాచి ఒక స్త్రీ, ఆమె మోహించేది ఇంకో స్త్రీని. కథ చెప్పే అమ్మాయికి కార్మిల్లా అంటే ఒకే సమయంలో ఇష్టమూ, వెగటూ. ఎందుకో ఆమెకే తెలియదు. విక్టోరియా రాణి కాలంలో ఇద్దరు స్త్రీల మధ్య ఆకర్షణ గురించి నేరుగా రాస్తే అచ్చయ్యేది కాదు. పిశాచం అనే ముసుగు వేసేసరికి అచ్చయింది. తర్వాత వందేళ్లకు సినిమావాళ్లు పట్టుకున్న దారీ ఇదే. ఈ ఒక్క కథ నుంచే ఫ్రాన్స్‌లో రోజే వాదిమ్ 1960లో ఒక సినిమా తీశాడు, స్పెయిన్‌లో వీసెంతే అరాందా 1972లో ఒకటి తీశాడు, బ్రిటన్‌లో హామర్ సంస్థ 1970, 71 సంవత్సరాల్లో వరసగా మూడు తీసింది.

హామర్ ప్రస్తావన వచ్చింది కనుక 1958 నాటి వాళ్ల డ్రాకులా దగ్గర ఆగాలి. దర్శకుడు టెరెన్స్ ఫిషర్, డ్రాకులాగా క్రిస్టఫర్ లీ. అందరూ చెప్పేది రంగుల్లో ఎర్రగా కనిపించిన రక్తం గురించి. అంతకన్నా ముఖ్యమైన దృశ్యం ఇంకొకటి ఉంది. లూసీ అనే అమ్మాయి జబ్బుతో మంచం మీద ఉంది. గదిలోంచి అందరూ వెళ్లిపోగానే లేస్తుంది. తోటవైపు తలుపులు తెరుస్తుంది. మెడలో శిలువ గొలుసు తీసి సొరుగులో పెట్టేస్తుంది. వెనక్కి వచ్చి పడుకుని, తలుపు వైపు చూస్తూ ఉంటుంది. బయట ఎండుటాకులు కదులుతాయి. డ్రాకులా ఇంకా రానే లేదు. ఆ దృశ్యంలో దుస్తులు తొలగడం లేదు, రక్తం లేదు. ఒక మనిషి తన చావు కోసం ఇష్టంగా ఎదురుచూడటం మాత్రం ఉంది. అప్పటిదాకా సినిమాల్లో రాక్షసుడు వస్తే ఆడవాళ్లు కెవ్వుమనేవారు. ఇక్కడ తలుపు తీసి పెట్టింది. తర్వాత వచ్చిన ఎరోటిక్ హారర్ అంతా ఆ తెరిచిన తలుపులోంచే వచ్చింది.

అయితే అదే పద్ధతిలో ఇంకో పదిహేనేళ్లు ఎందుకు నడిచింది, తర్వాత ఎందుకు ఆగిపోయింది అనేది కళకు సంబంధించిన ప్రశ్న కాదు, చట్టానికి సంబంధించిన ప్రశ్న. అరవయ్యో దశకం చివర్లో యూరప్‌లో సెన్సార్ పట్టు సడలుతూ వచ్చింది. డెన్మార్క్ 1969లో అశ్లీల చిత్రాల మీద నిషేధం ఎత్తేసింది. బ్రిటన్‌లో ‘ఎక్స్’ సర్టిఫికెట్ వయసు 1970లో పదహారు నుంచి పద్దెనిమిదికి పెరిగింది. అంటే పెద్దల సినిమాలో ఇంకొంచెం చూపించే వీలు దొరికింది. కానీ చాలా దేశాల్లో పూర్తి శృంగార చిత్రాలకు ఇంకా అనుమతి లేదు. నగ్నత్వం అమ్ముకోవచ్చు గానీ దాని చుట్టూ ఒక కథ, ఒక కారణం ఉండాలి. ఆ కారణాన్ని హారర్ సులువుగా ఇచ్చింది. ఇదంతా చేస్తున్నది పిశాచం కదా, చివరికి దాని గుండెలో మేకు దిగుతుంది కదా అని సెన్సార్‌కు చెప్పుకోవచ్చు. ‘కార్మిల్లా’ కథతో హామర్ 1970లో ‘ది వాంపైర్ లవర్స్’ తీసేటప్పుడు బ్రిటిష్ సెన్సార్ అధిపతి జాన్ ట్రెవెల్యన్ స్వలింగ ఆకర్షణ గురించి అభ్యంతరం చెబితే, అది వందేళ్ల నాటి సాహిత్యంలో ఉన్నదేనని హామర్ జవాబిచ్చింది. లె ఫాన్యూ వేసుకున్న ముసుగు వాళ్లకూ పనికొచ్చింది.

స్పెయిన్‌లో వ్యవహారం ఇంకా విచిత్రం. ఫ్రాన్సిస్కో ఫ్రాంకో నియంతృత్వం 1975లో అతను చనిపోయేదాకా నడిచింది. చర్చి మాట శాసనం. ఆ దేశంలో తోడేలు మనిషి కథ రాసుకున్న నటుడు పాల్ నాషీ, స్పెయిన్ వాడు రాక్షసుడు కావడానికి సెన్సార్ ఒప్పుకోలేదని, అందుకే తన పాత్రను పోలండ్ వాడిగా మార్చానని చెప్పుకున్నాడు. వాల్డెమార్ దనిన్‌స్కీ అనే ఆ పేరుతోనే పాత్ర ప్రసిద్ధమైంది. శృంగార దృశ్యాలను రెండేసి సార్లు తీసేవారు. స్వదేశానికి ఒంటి నిండా బట్టలతో, ఎగుమతికి బట్టలు లేకుండా. మన టౌన్ థియేటర్లలో ఒకప్పుడు సెన్సారైన ప్రింట్ మధ్యలో ‘బిట్లు’ కలిపి వేసేవారు, అది థియేటర్ వాళ్లు చాటుగా చేసే పని. స్పెయిన్‌లో రెండు రకాల షాట్లూ దర్శకుడే సెట్‌లో తీసి పెట్టుకునేవాడు. అసలు తమ దేశంలో తీసిన సినిమా ఎలా ఉంటుందో స్పెయిన్ ప్రేక్షకులకే తెలియదు. సరిహద్దు దాటి ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాన్ పట్నానికి బస్సులు కట్టించుకుని వెళ్లి నిషేధించిన సినిమాలు చూసి వచ్చేవారు.

ఇక డబ్బు. ఒక్కో సినిమాలో రెండు మూడు దేశాల నిర్మాతల పెట్టుబడి ఉండేది. ఒక్కో దేశం నుంచి ఒక్కో నటుడు. ఎవరి భాషలో వాళ్లు డైలాగ్ చెప్పేవారు, తర్వాత అందరికీ డబ్బింగ్. ఇటలీలో షూటింగ్ సమయంలో మాటలు రికార్డు చేసే అలవాటే తక్కువ. బార్బరా స్టీల్ ఇంగ్లీషు మనిషి, 1960 నాటి ‘బ్లాక్ సండే’తో హారర్ రాణి అయింది. ఆ సినిమా ఇంగ్లీషు వెర్షన్‌లో కూడా వినిపించే గొంతు ఆమెది కాదు. మనిషి ఒకరు, గొంతు ఒకరిది, అడుగుల చప్పుడు స్టూడియోలో కలిపింది. మామూలు కుటుంబ కథలో ఇది లోపం. చచ్చి బతికిన స్త్రీ కథలో ఇదే వాతావరణం అయిపోతుంది. మాట శరీరంలోంచి కాకుండా వేరే ఎక్కడి నుంచో వస్తున్నట్టు ఉంటుంది. ఈ సినిమాలను ‘కలలాగా ఉంటాయి’ అని చాలామంది పొగుడుతారు. ఆ కలలో సగం పొదుపు పుట్టించింది. కోటల సంగతీ అంతే. సెట్ వేయడానికి డబ్బు లేదు, పాడుబడ్డ నిజం కోటలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి. ఇటలీలో బల్సొరానో కోట, ఇంగ్లండ్‌లో థేమ్స్ ఒడ్డున ఉన్న ఓక్లీ కోర్ట్ భవనం సినిమా తర్వాత సినిమాలో కనిపిస్తాయి. నిజం గోడల మీద నిజం పాచి. ఎంత డబ్బు పోసి సెట్ వేసినా ఆ చల్లదనం రాదు.

ఈ పేదరికాన్ని కళగా మార్చిన మొదటివాడు మారియో బావా. అసలు ఛాయాగ్రాహకుడు. 1957లో రికార్డో ఫ్రెదా దర్శకత్వంలో ‘ఇ వాంపిరి’ అనే సినిమాకు కెమెరా పట్టుకున్నాడు. గొడవపడి ఫ్రెదా మధ్యలో వెళ్లిపోతే మిగతాది తనే పూర్తిచేశాడు. అందులో ఒక డచెస్ కళ్ల ముందే ముసలిదైపోతుంది. కట్ లేదు. ముఖం మీద ముడతల్ని ఎర్ర రంగుతో ముందే గీసి పెట్టి, మొదట ఎర్ర లైటు వేశారు. ఎర్ర లైటులో ఎర్ర గీతలు కనబడవు. తర్వాత లైటు రంగు నెమ్మదిగా మార్చేసరికి గీతలు నల్లగా తేలాయి. ఫిల్మ్ నలుపు తెలుపు కాబట్టి రంగు మారిన సంగతి ఎవరికీ తెలియదు. పైసా ఖర్చు లేని ట్రిక్. కానీ ఆ దృశ్యంలో అందం, ముసలితనం ఒకే ముఖంలో మొదటినుంచీ కలిసే ఉన్నాయి. లైటు మారితే చాలు.

1963లో ‘ది విప్ అండ్ ది బాడీ’కి వచ్చేసరికి బావా చేతికి రంగులు వచ్చాయి. సముద్రం ఒడ్డున కోట. క్రిస్టఫర్ లీ పాత్ర క్రూరుడు, ఆదిలోనే హత్యకు గురవుతాడు. అతన్ని ద్వేషించే, అతన్నే కోరుకునే నెవెన్కా పాత్రలో దాలియా లావి. చనిపోయినవాడు రాత్రిళ్లు ఆమె గదికి వస్తున్నాడు. లేదా వస్తున్నాడని ఆమె అనుకుంటోంది. చీకట్లోంచి ఆకుపచ్చని చెయ్యి ఒకటి నెమ్మదిగా కెమెరా వైపు వస్తుంది. ఆమె ముఖం మీద ఒకసారి నీలం, ఒకసారి ఊదా, ఒకసారి ఎరుపు. ఆ గదిలో అలాంటి రంగులు వెదజల్లే దీపమేదీ లేదు. అవి ఆమె మనసులో ఉన్న భయమూ, కోరికా. ఇటలీలో ఆ సినిమా అశ్లీలత కేసు ఎదుర్కొంది. ఇప్పుడు చూస్తే దాంట్లో చూపించింది చాలా తక్కువ. కేసు పెట్టినవాళ్లను కలవరపెట్టింది, బాధనూ కోరికనూ విడదీయలేని ఆ స్త్రీ ముఖం అయి ఉంటుంది.

రోలాన్ దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే ఈ మొత్తం ధోరణిలో నాకు అత్యంత ఇష్టమైనవాడు అతనే. బావాకున్న నైపుణ్యం అతనికి లేదు. నటుల చేత నటింపజేయడం సరిగ్గా రాదు. కథను నడపడం మీద ఆసక్తి లేదు. మూకీ రోజుల నాటి ఫ్రెంచ్ సీరియళ్లు, కామిక్స్, కలల్లోని వింతల్ని గీసే సర్రియలిస్టు చిత్రకళ తాగి పెరిగిన మనిషి. అతనికి బొమ్మలు వచ్చు. 1971 నాటి ‘ది షివర్ ఆఫ్ ది వాంపైర్స్’లో కొత్త పెళ్లికూతురు కోటలో ఒంటరిగా పడుకుని ఉంటుంది. అర్ధరాత్రి పన్నెండు కొడుతుంది. నిలువెత్తు గోడగడియారం తలుపు తెరుచుకుని, అందులోంచి ఒక రక్తపిశాచి స్త్రీ అడుగు బయట పెడుతుంది. ఎందుకు గడియారంలో ఉంది? సినిమా చెప్పదు. చెప్పక్కర్లేదు కూడా. నడిరాత్రి అనే వేళే తలుపు తీసుకుని బయటికి వచ్చినట్టుంటుంది.

నార్మండీ తీరంలో దియెప్ పట్నం పక్కన పూర్విల్ అనే చోట ఒక బీచ్ ఉంది. ఇసుక ఉండదు, గులకరాళ్లు. వెనక తెల్లటి సుద్దకొండలు. అలలను ఆపడానికి పాతిన కర్ర గుంజలు వరుసగా సముద్రంలోకి దిగుతాయి. రోలాన్ తన సినిమా తర్వాత సినిమాలో పాత్రలను అక్కడికే తీసుకొచ్చాడు. కథ కోటలో మొదలైనా, నగరంలో మొదలైనా చివరికి ఎవరో ఒకరు ఆ రాళ్ల మీద నడుస్తుంటారు. ఒక దర్శకుడు ఒక చోటును అంతగా ప్రేమించడం చూస్తే నాకు గౌరవం కలుగుతుంది. సరుకుగా అమ్ముడుపోవలసిన సినిమాలో ఆ బీచ్ ఎవరూ అడగనిది, అతను తనకోసం పెట్టుకున్నది.

అతని ‘ది ఐరన్ రోజ్’ (1973) చూస్తే మనిషి ఎంత నిజాయితీపరుడో తెలుస్తుంది. ఒక యువతి, ఒక యువకుడు. సాయంత్రం ఆమియాన్ పట్నంలోని పెద్ద శ్మశానంలోకి వెళతారు. చీకటి పడుతుంది, బయటికి దారి దొరకదు. అంతే కథ. మొదట అతను ధైర్యంగా, ఆమె బెదురుగా ఉంటారు. రాత్రి గడిచేకొద్దీ అతను భయంతో కోపిష్టి అవుతాడు. ఆమె మాత్రం సమాధుల మధ్య పుట్టింటికి వచ్చినట్టు కుదుటపడుతుంది. బతికున్నవాళ్ల కంటే వీళ్లే నయం అన్నట్టు నాట్యం చేస్తుంది. ఆ సినిమా ఆడలేదు. రోలాన్ ఆర్థికంగా దెబ్బతిని, మారుపేర్లతో అశ్లీల చిత్రాలు తీసి బతకాల్సి వచ్చింది. ఆ సంపాదనతోనే మధ్యమధ్య తన సొంత సినిమాలు తీసుకున్నాడు. ఆ అశ్లీల చిత్రాల రంగం నుంచే వచ్చిన బ్రిజీత్ లాహేకి 1979లో ‘ఫాసినేషన్’లో మంచి పాత్ర ఇచ్చాడు. 1905 నాటి కథ. కబేళాలో నేలంతా రక్తం, మధ్యలో సొగసుగా ముస్తాబైన స్త్రీలు నిలబడి రక్తహీనతకు మందుగా గ్లాసుల్లో ఎద్దు రక్తం తాగుతుంటారు. సినిమా అలా మొదలవుతుంది. తర్వాత నీటి మధ్య కోట, దానికి దారితీసే వంతెన మీద నల్లటి అంగీలో, చేతిలో కొడవలితో లాహే. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ ధోరణి మొత్తానికి గుర్తుగా అందరూ వాడే బొమ్మ అదే.

ఒక్క సినిమాతోనే ఈ సరుకంతా ఏమిటో ఎవరికైనా చూపించాలంటే నేను బెల్జియం సినిమా ‘డాటర్స్ ఆఫ్ డార్క్‌నెస్’ (1971) ఎంచుకుంటాను. దర్శకుడు హ్యారీ క్యూమెల్. ఆస్టెండ్ అనే సముద్రతీర పట్నంలో సీజన్ అయిపోయిన పెద్ద హోటల్. అతిథులు కొత్తగా పెళ్లయిన జంట మాత్రమే. ఒక రాత్రి కారులో కౌంటెస్ బాతరీ తన కార్యదర్శి ఇలోనాతో దిగుతుంది. రిసెప్షన్‌లో ఉన్న పెద్దాయన ఆమెను చూసి తడబడతాడు. నలభై ఏళ్ల కిందట తను కుర్రాడిగా ఇదే హోటల్లో పనిచేస్తున్నప్పుడు ఆమె వచ్చింది. ఇప్పుడూ అలాగే ఉంది. అది మా అమ్మ అయి ఉంటుంది అంటుంది ఆమె, నవ్వుతూ. బాతరీ అనే పేరు చరిత్రలోది. 1614లో చనిపోయిన హంగరీ జమీందారిణి, ఎందరో పనిపిల్లల్ని హింసించి చంపిందన్న ఆరోపణతో కోటలో బంధించారు.

కౌంటెస్‌గా డెల్ఫీన్ సేరిగ్ నటించింది. అప్పటికే ఫ్రెంచ్ కళాత్మక సినిమాలో పెద్ద పేరు. ఆమెకు పాతకాలపు హాలీవుడ్ తార మార్లీన్ డీట్రిష్ వేషం కట్టారు. చిత్రమేమిటంటే, ఆమె ఎక్కడా గొంతు పెంచదు, కోర చూపించదు. ఎప్పుడూ తీయగా, మర్యాదగా మాట్లాడుతుంది. కౌంటెస్, కొత్త పెళ్లికొడుకు కలిసి పాతకాలపు చిత్రహింసలను ఒక్కొక్కటిగా గుర్తు చేసుకునే దృశ్యం ఒకటి ఉంది. ఆమె అతని వెనక నిలబడి భుజాలు నిమురుతూ చెబుతుంటుంది, అతను తన్మయత్వంలో మాటలు అందిస్తుంటాడు. పక్కనే పెళ్లికూతురు వినలేక ఏడుస్తుంటుంది. అక్కడ ఎవరి ఒంటి మీదా రక్తపు చుక్క లేదు. అయినా ఆ అమ్మాయికి, మనకూ ఒకేసారి తెలిసిపోతుంది, తను పెళ్లాడినవాడు ఎలాంటివాడో. తర్వాత అతను ఆమెను బెల్టుతో కొడతాడు కూడా. అప్పటి నుంచి ఆ హోటల్లో ఎవరు పిశాచి అన్న ప్రశ్నకు జవాబు తేలిగ్గా దొరకదు. సీన్లు నలుపులోకి కాకుండా ఎరుపులోకి కరిగిపోతాయి.

జెస్ ఫ్రాంకో గురించి తక్కువ చెబుతాను, అతని అభిమానులు క్షమించాలి. నూట యాభైకి పైగా సినిమాలు తీసిన స్పానిష్ దర్శకుడు. నియంత ఫ్రాంకోతో బంధుత్వమేమీ లేదు. అమెరికన్ దర్శకుడు ఆర్సన్ వెల్స్ దగ్గర పనిచేశాడు, జాజ్ వాద్యకారుడు. కథ మధ్యలో కెమెరా జూమ్ దేన్నో వెతుక్కుంటూ పోతుంది. ఒక్కోసారి ఏమీ దొరకదు. ఒకే సినిమాను హారర్‌గా ఒకటి, శృంగారంగా ఒకటి, అశ్లీలంగా ఒకటి మూడు వెర్షన్లు చేసి అమ్మాడు. అతని సినిమాల్లో చాలావాటిని నేను పూర్తిగా సమర్థించలేను. కానీ ‘వాంపైరోస్ లెస్బోస్’ (1971) అలా కాదు. ఇస్తాంబుల్‌లో, ఎండలో, తెల్లటి ఇంట్లో రక్తపిశాచి కథ. కోట లేదు, పొగమంచు లేదు. ఆ పాత్రలో సొలెదాద్ మిరాండా. మాట తక్కువ, కళ్లు ఎక్కువ. ఆ సినిమా విడుదలయ్యే నాటికే ఆమె లేదు. 1970 ఆగస్టులో పోర్చుగల్‌లో కారు ప్రమాదంలో 27 ఏళ్లకే పోయింది. చావు లేని స్త్రీగా ఆమెను చూస్తున్నప్పుడు ఆ సంగతి మర్చిపోవడం కష్టం. సితార్, ఆర్గాన్ కలిపిన ఆ సినిమా సంగీతం 1995లో ఆల్బమ్‌గా మళ్లీ వచ్చి, సినిమా చూడనివాళ్లకు కూడా చేరింది. అందులో ఒక ముక్కను క్వెంటిన్ టరంటినో 1997లో ‘జాకీ బ్రౌన్’లో వాడుకున్నాడు.

ఇవన్నీ ఆడవాళ్ల శరీరాలను అమ్ముకున్న సినిమాలు కావా అని అడిగితే, అవును. ఆ మాట దాటవేసి వీటి గురించి రాయకూడదు. నిర్మాతలు మగవాళ్లు, దర్శకులు మగవాళ్లు, టికెట్ కొన్నవాళ్లలో ఎక్కువ మంది మగవాళ్లు. అత్యాచారాన్ని వినోదంగా తీసిన దృశ్యాలు వీటిలో చాలా ఉన్నాయి. రోలాన్ సినిమాల్లోనూ ఉన్నాయి. వాటిని ‘ఆ కాలం అలాంటిది’ అని సర్దుకోవడం నాకు చేతకాదు. అలాంటి చోట్ల సినిమా కలలోంచి మనల్ని బయటికి విసిరేస్తుంది.

కానీ లెక్క అక్కడితో తేలదు. అమెరికన్ విమర్శకురాలు బానీ జిమ్మర్‌మన్ 1981లో ‘జంప్ కట్’ పత్రికలో స్త్రీలను ప్రేమించే స్త్రీ రక్తపిశాచుల సినిమాల మీద ఒక వ్యాసం రాసింది. ఆడవాళ్లు తమలో తాము ఒకటైపోతే తమ గతేమిటన్న మగవాళ్ల భయానికి ఈ పాత్ర ప్రతిబింబమని చెబుతూనే, క్యూమెల్ సినిమాను స్త్రీల వైపు నుంచి కూడా చదవవచ్చని చూపించింది. ఆ సినిమాలో నిజమైన క్రూరుడు భర్త. కౌంటెస్ అతని భార్యకు ఆ సంగతి చూపిస్తుంది. సేరిగ్ సంగతే చూడండి. అదే 1971లో గర్భస్రావ హక్కు కోసం 343 మంది ఫ్రెంచ్ స్త్రీలు ఇచ్చిన ప్రకటన మీద ఆమె సంతకం ఉంది. తర్వాత నటీమణులను సినిమా రంగం ఎలా వాడుకుంటుందో వాళ్ల నోటే చెప్పించి డాక్యుమెంటరీ తీసింది. అలాంటి మనిషి కౌంటెస్ పాత్రలో తను ఏం చేస్తోందో తెలియకుండా చేసిందని నేననుకోను. మామూలు సినిమాల్లో ఆ రోజుల్లో ఆడదాని కోరిక హీరో చుట్టూ తిరిగేది. ఈ సినిమాల్లో ఆమె కోరికే కథను నడిపింది. దానికి శిక్షగా చివరికి చంపినా, ప్రేక్షకుడు ఇంటికి తీసుకెళ్లింది ఆమె ముఖాన్నే. ఈ రెండూ, అమ్మకమూ విడుదలా, ఒకే సినిమాలో ఉన్నాయి. వాటిని విడదీసి ఒకదాన్నే ఒప్పుకోమంటే నేను ఒప్పుకోను.

1975లో ఈ కాలం చటుక్కున ముగిసింది. కారణం మళ్లీ చట్టమే. ఫ్రాన్స్‌లో సెన్సార్ సడలి అశ్లీల చిత్రాలు బాహాటంగా థియేటర్లకు వచ్చేశాయి. ఆ ఏడాది చివర్లో వచ్చిన చట్టం వాటిని ‘ఎక్స్’ వర్గంగా విడదీసి, అదనపు పన్ను వేసి, ప్రత్యేక థియేటర్లకు పంపింది. పశ్చిమ జర్మనీలోనూ అదే ఏడాది చట్టం మారింది. ఇక కోరికకు పిశాచం ముసుగు అక్కర్లేదు. అది కావలసినవాళ్లు సూటిగా దాని థియేటర్‌కే వెళ్లారు. భయం కావలసినవాళ్లు ‘ది ఎక్సార్సిస్ట్’ లాంటి అమెరికన్ సినిమాలకు వెళ్లారు. 1976లో హామర్ కూడా ఆ కాలపు తన చివరి హారర్ సినిమా తీసి ఆగిపోయింది. రెంటికీ మధ్య నడిచిన దారి మూసుకుపోయింది. అంతా చూపించే స్వేచ్ఛ వచ్చాక సగం చూపించే కళకు పని లేకుండా పోయింది.

అయితే వీటికి గౌరవం ఇప్పుడే కొత్తగా దొరికిందనుకోకూడదు. పారిస్‌లో ‘మిడి-మినుయి’ అనే థియేటర్ ఉండేది, భయం, శృంగారం కలిసిన సినిమాలకు అడ్డా. ఆ పేరు మీదే 1962లో ఒక పత్రిక పుట్టింది. తొలి సంచిక మొత్తం హామర్ దర్శకుడు టెరెన్స్ ఫిషర్ గురించే. పెద్ద విమర్శకులు చెత్త అన్న సినిమాలను సర్రియలిజం ఇష్టపడే కుర్రాళ్లు కవిత్వంలా చదివారు. తర్వాత వీడియో క్యాసెట్ల కాలంలో మసకబారిన, కత్తిరించిన ప్రింట్లే దిక్కు. 1994లో కాథల్ టోహిల్, పీట్ టూంబ్స్ రాసిన పుస్తకం ఇంగ్లీషు పాఠకులకు ఈ దర్శకులను వరుసగా పరిచయం చేసింది. డీవీడీలు వచ్చాక అసలు రంగులు, అసలు నిడివి బయటపడ్డాయి. 2009లో స్పెయిన్ సినిమా అకాడమీ జెస్ ఫ్రాంకోకు గౌరవ గోయా పురస్కారం ఇచ్చింది. బ్రిటిష్ దర్శకుడు పీటర్ స్ట్రిక్‌లాండ్ తీసిన ‘ది డ్యూక్ ఆఫ్ బర్గండీ’ (2014)లో ఈ సినిమాల గాలి స్పష్టంగా తగులుతుంది.

ఇప్పుడు వీటిని చూసే కుర్రాళ్లకు శరీరం చూడటం కోసం ఈ సినిమాలు అవసరం లేదు, ఫోన్‌లో అంతా ఉంది. భయం కోసమూ అవసరం లేదు. వాళ్లు వెతుక్కుంటున్నది ఆ రెంటిలోనూ కరువైన నిదానం అని నాకనిపిస్తుంది. ఒక స్త్రీ మెట్లు దిగడానికి పూర్తిగా ఒక నిమిషం తీసుకునే సినిమా. ఎందుకు దిగుతోందో చెప్పని సినిమా.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ‘డాటర్స్ ఆఫ్ డార్క్‌నెస్’తో మొదలుపెట్టండి, తర్వాత ‘బ్లాక్ సండే’, ‘ది విప్ అండ్ ది బాడీ’. వీటికి అలవాటుపడ్డాక ‘ఫాసినేషన్’, ‘ది ఐరన్ రోజ్’. జెస్ ఫ్రాంకో చివర్లో. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోండి. ఏ సినిమా అయినా దేశానికో వెర్షన్ ఉంటుంది. ‘బ్లాక్ సండే’నే తీసుకుంటే అమెరికాలో విడుదలైన ప్రింట్‌లో కొన్ని షాట్లు తీసేసి, సంగీతం మొత్తం మార్చేశారు. కాబట్టి డిస్క్ కొనేముందు, లింక్ నొక్కేముందు నిడివి ఎంతో, ఏ దేశపు వెర్షనో చూసుకోండి. నచ్చలేదని వదిలేసేది అసలు సినిమానే అయి ఉండాలి గానీ, ఎవరో కత్తిరించిన ముక్క కాకూడదు.